మూడో అంతస్తు షీటు

ఎనభై ఎనిమిది ఎండాకాలంలో మా ఇంట్లోంచి ముగ్గురం ఒకే ఫ్యాక్టరీకి పనికి పోయేవాళ్లం, కానీ రెండు కంపెనీల మనుషులుగా. మాచర్లకు పది కిలోమీటర్ల దూరంలో, సున్నపురాయి గుట్టల పక్కన సిమెంటు ఫ్యాక్టరీ లేస్తోంది. కాంక్రీటు పనంతా ఒక కంపెనీది. ఆ కాంక్రీటు మీద యంత్రాలు ఎక్కించి బిగించే పని ఇంకో కంపెనీది. నేను కాంక్రీటు కంపెనీ ఆఫీసులో ట్రేసర్‌ని. నా భర్త ఖాదర్ వలి యంత్రాల కంపెనీలో ఖలాసీ మేస్త్రీ, బరువులెత్తే పన్నెండుమందికి పెద్ద. ఆయన తమ్ముడు బాజీ ఆ పన్నెండుమందిలో ఒకడు.

ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన బొమ్మల్ని పల్చటి ట్రేసింగ్ కాగితం మీద సిరాతో ఎక్కించడం నా పని. నరసరావుపేటలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి రెండేళ్లు ఇంట్లో కూర్చున్నాను. ఆడమనిషిని సైటులో ఎవరు పెట్టుకుంటారని అందరూ అంటున్న రోజుల్లో, సైటు ఇంజనీరు వెంకట్రామయ్య గారు నా చేత ఒక మెట్లదారి బొమ్మ గీయించుకుని చూసి, మర్నాటి నుంచి రమ్మన్నారు. ఈ మాట ముందే చెప్పాలి. ఆయన్ని చెడ్డవాడిగా నిలబెట్టి మొదలుపెడితే నా పని మరీ సులువైపోతుంది.

ఆ ఫిబ్రవరిలో రెండు కంపెనీలకూ పెద్ద గొడవైంది. మిల్లు కోసం మావాళ్లు పోసిన పునాదిలో బోల్టులు ఒకచోట ఉన్నాయి, వాళ్లు తెచ్చిన యంత్రం అడుగున రంధ్రాలు నాలుగంగుళాలు ఇవతలున్నాయి. మీ బొమ్మ తప్పంటే మీ బొమ్మ తప్పనుకున్నారు. చివరికి పునాది పగలగొట్టి మళ్లీ పోశారు. అది చూసి ఫ్యాక్టరీ యజమానులు మద్రాసు నుంచి సలహాదారు కంపెనీ ఇంజనీరు సుందరేశన్ గారిని పిలిపించారు.

ఆయన మార్చి మొదట్లో వచ్చాడు. కాంక్రీటువాళ్లు, యంత్రాలవాళ్లు, కరెంటు పనివాళ్లు, మూడు కంపెనీల ఇంజనీర్లనూ రేకుల షెడ్డులో కూర్చోబెట్టి, బల్ల మీద ఒక పెద్ద షీటు పరిచాడు. కంప్యూటరు గీసిన బొమ్మను నేను చూడటం అదే మొదటిసారి. కాంక్రీటు నల్లగీతల్లో, యంత్రాలు ఎర్రగీతల్లో, కేబుళ్లు ఆకుపచ్చ గీతల్లో, అన్నీ ఒకే కాగితం మీద ఉన్నాయి. ఎక్కడా ఒక్క గీత వణకలేదు. ఆ గీతలు చూస్తుంటే నా ఉద్యోగం ఇంకెంతో కాలం ఉండదని అర్థమైంది.

"ఫ్యాక్టరీ ఒకటే. బొమ్మలు మాత్రం మూడు. అదే మీ జబ్బు," అన్నాడు సుందరేశన్ గారు, అరవం కలిసిన తెలుగులో. "ఇక మీద ఒకే బొమ్మ. అది మద్రాసులో కంప్యూటరులో ఉంటుంది. మీరు ఇక్కడ ఏది ఎలా కట్టారో అలాగే గుర్తుపెట్టి ప్రతి శనివారం నాకు పంపండి. నేను దానికి ఎక్కిస్తాను. ముగ్గురికీ అదే షీటు వస్తుంది. ఒకరి పని ఇంకొకరు చూసుకుని కదలొచ్చు."

యంత్రాల కంపెనీ ఇంజనీరు మావైపు చూస్తూ, "వీళ్లు ఉన్నది ఉన్నట్టు రాయకపోతే?" అన్నాడు.

"అప్పుడు కంప్యూటరు కూడా అబద్ధమే గీస్తుంది. చాలా శుభ్రంగా గీస్తుంది," అన్నాడాయన.

మూడు కంపెనీలూ ఆ పద్ధతికి సంతకాలు పెట్టాయి. కట్టినదాన్ని కొలిచి గుర్తులు పెట్టి శనివారం పంపే పని వెంకట్రామయ్య గారు నాకు అప్పజెప్పారు. ఉద్యోగం పోతుందని భయపడ్డదాన్ని, ఒక్కసారిగా అందరికీ కావలసినదాన్నయ్యాను. టేపు భుజాన వేసుకుని టవరెక్కి, కొలిచి, రాసుకుని దిగేదాన్ని. ఆరంతస్తుల కాంక్రీటు టవరది. దాని కడుపులోంచి పెద్ద పెద్ద ఇనపగొట్టాలు పైదాకా పోవాలి. వాటిని లేపి బిగించేది మా ఆయన గ్యాంగే.

మా ఇల్లు మాచర్లలో స్టేషను వెనక, నాపరాళ్లు పరిచిన రెండు గదులు. అత్త హజ్రా బీ, మేమిద్దరం, బాజీ. సాయంత్రం వాకిట్లో నీళ్లు చల్లితే రాళ్లు సుర్రుమని ఆవిరి కక్కేవి. అందరం అక్కడే కూర్చునేవాళ్లం.

ఖాదర్ వలికి పనిలో ఒక అలవాటుండేది. స్లాబు పోసేటప్పుడే దాని అడుగున ఇనప ప్లేట్లు పెడతారు. బయటికి కనిపించేది కంచమంత ముఖమే. వెనక మూరెడు పొడవు చువ్వలు కాంక్రీటులో కూరుకుని ఉంటాయి. ఖలాసీలు ఆ ప్లేటుకు కొక్కెం వెల్డింగు చేసి, గొలుసు పుల్లీ తగిలించి బరువు లేపుతారు. ఆయన ముందు ప్రతి ప్లేటునూ సుత్తితో కొట్టి, చెవి ఒగ్గి వినేవాడు. తర్వాత బరువును జానెడు లేపి, బీడీ కాలేంతసేపు ఊరికే ఉంచేవాడు. అప్పుడు గానీ పైకి లాగనిచ్చేవాడు కాదు. కొత్త షీట్లు వచ్చాక వాళ్ల ఇంజనీరుకు అది నచ్చలేదు. షీటులో బరువు రాసి ఉండగా ఈ సుత్తి పూజ ఎందుకని అందరి ముందూ అన్నాడట.

ఏప్రిల్ మొదట్లో ఒక సాయంత్రం ఆయన నన్నడిగాడు. "ఏందే మాబూ, మీ షీటు సంగతి. దాని మీద బరువు రాసి ఉంటే ఇంక చూసుకోబళ్లేదంటన్నారు. నిజమేనా?"

నేను సంచిలోంచి షీటు తీసి నాపరాయి మీద పరిచాను. "ఇదుగో, ఈ నల్ల గళ్లు మా ప్లేట్లు. పక్కన ఉన్న అంకె మూడు టన్నులు. నేనే నిచ్చెనెక్కి ఒక్కొక్కటీ చూసి రాసి పంపాను."

"ఎవుడో పెట్టిన ప్లేటు. పెట్టేటప్పుడు నేను లేను. కొట్టి చూస్తే నా పాణానికి హాయి."

"నువ్వు ఒక్కో ప్లేటు దగ్గర గంట పోగొడతన్నావని మీ ఆఫీసులోనే చెప్పుకుంటన్నారు. ఇంతమంది కలిసి ఇంత చేసేది మళ్లీ నువ్వు సుత్తేసుకు తిరగటానికా?"

బాజీ వెల్లకిలా పడుకుని వింటున్నాడు. "వదిన నిచ్చెనెక్కి చూసిందంటే ఇంకేంది అన్నా. ఆ సుత్తి తూకానికేసి పుచ్చకాయ తెచ్చుకుందాం," అన్నాడు.

ఖాదర్ వలికి ఇంగ్లీషు రాదు. షీటు మీద అంకెల వెంట వేలు నడిపిస్తూ చాలాసేపు చూశాడు. "సరేలే. కొట్టనులే," అన్నాడు. మర్నాటి నుంచి నిజంగానే మానేశాడు. జానెడు లేపి ఆగటం కూడా మానేశాడు. వాళ్ల గ్యాంగు పని అనుకున్నదానికంటే ముందు నడిచింది. ఇంజనీరు భుజం తట్టాడట. ఇంట్లో నేను కొంచెం తలెత్తుకునే తిరిగాను.

రంజాను నెల ఆ ఏడు ఏప్రిల్ మధ్యలో మొదలైంది. ఎండలు నలభై నాలుగు దాటాయి. అన్నదమ్ములిద్దరూ ఉపవాసంతోనే టవరెక్కేవాళ్లు. మే మొదటి వారంలో మూడో అంతస్తులో షట్టరింగు చెక్కలు విప్పారని తెలిసి నేను కొలతలకు పోయాను. పైకప్పు అడుగున ఆరు ప్లేట్లు ఉండాలి. ఆరూ ఉన్నాయి. కానీ నాలుగోదానికీ ఐదోదానికీ చుట్టూ సిమెంటు వేరే రంగులో, కొత్తగా ఉంది. నేను అక్కడే నిలబడి పైకి చూస్తుంటే తాపీమేస్త్రీ కోటయ్య వచ్చాడు.

"ఏంది తల్లీ, అట్టా చూస్తన్నావు?"

"ఈ రెండూ స్లాబుతో పాటు పోసినవేనా?"

కోటయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "పోసిన రోజు మబ్బు పట్టింది. వానొస్తదని హడావిడిగా పోశాం. ఈ రెండూ పెట్టడం మర్చిపోయాం. చెక్కలు విప్పి చూస్తే ఉత్త కాంక్రీటు. ఆనక బొక్కలు కొట్టి, వేలెడు చువ్వలు పెట్టి, సిమెంటు పాలు పోసి అంటించాం. సారు చేయమన్నాడు, చేశాం."

నేను ఆఫీసుకొచ్చి మూడో అంతస్తు షీటు మీద ఆ రెండు గళ్ల పక్కనా రాశాను: తర్వాత అతికించినవి, బరువు కట్టరాదు. సిరాతోనే రాశాను.

శుక్రవారం మధ్యాహ్నం వెంకట్రామయ్య గారు షీట్లు చూస్తూ అక్కడ ఆగారు. తలుపు దగ్గరకు వేసి వచ్చి కూర్చున్నారు.

"కోటయ్య చెప్పాడా?"

"చెప్పాడు సార్. నేనూ చూశాను."

"ఇది మద్రాసు చేరితే స్లాబు పగలగొట్టమంటారమ్మా. జూన్‌లో వానలు. ఫిబ్రవరిలో ఆ పునాది పగిలినప్పుడే నా ఉద్యోగం ఊడాల్సింది. రెండోసారి ఊరుకోరు."

"ఎవరన్నా దానికి బరువు కడితే సార్?"

"మూడో అంతస్తు పనంతా క్రేనుతోనే. ఆ ప్లేట్లు రేపెప్పుడో ఫ్యాక్టరీ నడిచేటప్పుడు రిపేర్లకి. వానలు తగ్గాక నేనే దగ్గరుండి మార్పిస్తాను." షీటు నా వైపు జరిపి, "నీకు నేనెప్పుడైనా మాట తప్పానా?" అన్నారు.

తప్పలేదు. నన్నెవరూ బెదిరించలేదు. పని తీసేస్తామని కూడా అనలేదు. ట్రేసింగ్ కాగితం మీద సిరా చెరపడానికి ఒక పద్ధతుంది. పాత బ్లేడును పడుకోబెట్టి పైపైన గీకాలి, ఆ తర్వాత గోటితో రుద్ది నునుపు చేయాలి. ఆ పనిలో నా చెయ్యి మంచిదని ఆఫీసులో పేరు. అయిదు నిమిషాలు పట్టింది. ఆ రెండు గళ్ల పక్కన మూడు టన్నులని వేశాను. శనివారం బస్సుకు షీట్లు వెళ్లిపోయాయి. వారం తిరక్కుండా మద్రాసు నుంచి కొత్త షీటు వచ్చింది. ఆరు గళ్లూ ఒకేలా, నల్లగా, నీటుగా ఉన్నాయి.

ఖాదర్ వలికి చెప్పాలనే అనుకున్నాను. ఆ సాయంత్రం ఉపవాసం విడిచాక గంజి పోస్తూ మాట ఎత్తబోయాను కూడా. చెబితే ఆయన ఊరుకోడు, మర్నాడే తన ఇంజనీరు దగ్గరికి పోతాడు. ఎవరి నోట వచ్చిందో అందరికీ తెలుస్తుంది. అదొకటి. ఇంకొకటి కూడా ఉంది. నెల కిందట అదే వాకిట్లో షీటు పరిచి అంత గట్టిగా చెప్పినదాన్ని, ఇప్పుడు దాన్ని నమ్మొద్దని ఎలా చెప్పను? క్రేను ఉంది కదా అనుకున్నాను. వానలు తగ్గాక మారుస్తారు కదా అనుకున్నాను. పండగ వచ్చింది. బాజీకి కారంపూడి సంబంధం ఖాయమైంది. అత్త ఇల్లంతా సున్నం వేయించింది. నాకు ఆ ప్లేట్ల సంగతి రోజులో రెండు మూడుసార్లే గుర్తొచ్చేది.

పండగైన తొమ్మిదో రోజు పొద్దున నేను క్యారియర్లు సర్దుతున్నాను. బాజీ చెప్పులు వేసుకుంటూ, "ఇయ్యాల తొందరగా పోవాలన్నా, చెడిపోయిన క్రేను ఇంకా బాగవలేదంట. గొలుసులతోనే లేపాలంట," అన్నాడు.

"ఏ అంతస్తులో?" అన్నాను.

"మూడో అంతస్తు వదినా. రాత్రే చెప్పారు."

నా చేతిలో గరిటె అలాగే ఉంది. ఖాదర్ వలి గడప దగ్గర నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"ప్లేట్లు కొట్టి చూడు ఒకసారి," అన్నాను.

ఆయన నవ్వాడు. "నువ్వే గదే కొట్టొద్దంది. ఇప్పుడు మళ్లీ కొట్టమంటన్నావు."

"ఎందుకన్నా మంచిది."

"మా ఇంజనీరు ఆడే ఉంటాడు. మళ్లీ సుత్తి తీశానంటే తిడతాడు." క్యారియరు అందుకున్నాడు. అత్త లోపల్నుంచి బాజీని పిలిచి, సాయంత్రం వచ్చేటప్పుడు నిమ్మకాయలు తెమ్మంది. లారీ హారను వినపడింది. ఇద్దరూ పోయారు.

అప్పుడు చెప్పి ఉండొచ్చు. వీధి మలుపు దాకా వాళ్లు నడుచుకుంటూనే పోయారు. నేను గడపలో నిలబడి చూశాను.

మా ఆఫీసు జీపు గంట తర్వాత వచ్చింది. ఆఫీసులో కూర్చుని ఆరింటిలో నాలుగు మంచివే కదా అని లెక్క వేసుకున్నాను. వెంకట్రామయ్య గారు గుంటూరు పోయారు, సాయంత్రానికి గానీ రారన్నారు. పదింటికి టీ వచ్చింది. తాగలేకపోయాను. లేచి టవరు వైపు నడవడం మొదలుపెట్టాను. అర కిలోమీటరు ఉంటుంది. సగం దూరంలో, బండరాయి పగిలినట్టు ఒక మోత వినపడింది. తర్వాత ఏమీ వినపడలేదు. కాంక్రీటు మిక్సరు కూడా ఆగిపోయింది. మనుషులు అన్ని వైపుల నుంచీ పరిగెత్తుతున్నారు. నేను పరిగెత్తలేదు.

తర్వాత గ్యాంగువాళ్లు చెప్పింది ఇది. ఇనపగొట్టం ముక్క ఒకదాన్ని నాలుగో ప్లేటుకు కట్టి లేపారు. ఖాదర్ వలి గొలుసు లాగిస్తున్నాడు. బాజీ అంచున నిలబడి, గొట్టం ఊగకుండా తాడు పట్టుకున్నాడు. నిలువెత్తు లేచాక ప్లేటు పైకప్పు నుంచి ఊడొచ్చింది. గొట్టం బాజీని కొట్టి, వాడితో సహా అంచు దాటి కింద పడింది.

నేను వెళ్లేసరికి ఖాదర్ వలి కిందకు దిగి తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి, "కొట్టి చూడలేదే," అన్నాడు. "నువ్వు చెప్పావు. నేను చూడలా."

ఊడిపడ్డ ప్లేటును చాలామంది చూశారు. దాని వెనక వేలెడు చువ్వలు నాలుగు, చివర్ల సిమెంటు పొడి. సాయంత్రానికి ఆ ప్లేటు కనపడలేదు. ఎవరు తీశారో ఇప్పటికీ నాకు తెలియదు.

బాజీని మర్నాడు మధ్యాహ్నం ఖననం చేశారు. ఆ తర్వాత పది రోజులు అత్త ఒక్క ప్రశ్నే అడిగేది, కొడుకును, రోజుకు నాలుగైదుసార్లు. "ఎప్పుడూ కొట్టి చూస్తావంటగా. ఆ పొద్దే ఎందుకు చూడలేదురా?" ఖాదర్ వలి అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. అర్ధరాత్రి ఎప్పుడు మెలకువ వచ్చినా ఆయన వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చునే ఉండేవాడు. నేను పక్కన కూర్చుంటే, నాకు చెప్పే అలవాటున్న మనిషి గనక, మళ్లీ అదే చెప్పేవాడు. "ఒక్క దెబ్బ కొట్టుంటే తెలిసేది మాబూ. ఒక్క దెబ్బ." నేను ఆయన వీపు మీద చెయ్యి వేసి ఊరుకునేదాన్ని. ఆ పది రోజుల్లో నేను చేసినదానికంటే నీచమైన పని నా జీవితంలో ఇంకోటి లేదు. బ్లేడుతో గీకింది కూడా కాదు.

పన్నెండో రోజు విచారణ. గుంటూరు నుంచి ఒక అధికారి వచ్చాడు. మళ్లీ అదే రేకుల షెడ్డు, అవే మూడు కంపెనీలు. సుందరేశన్ గారు కూడా వచ్చాడు. షీట్లు తీసుకురమ్మని నన్ను పిలిచారు. లోపలికి పోయేముందు వెంకట్రామయ్య గారు నాతో, "షీట్లు బల్ల మీద పెట్టి వచ్చెయ్యమ్మా," అన్నారు. ఆయన మొహం చూడలేనట్టు తయారైంది. నేనూ అలాగే ఉండి ఉంటాను.

ఖాదర్ వలి అధికారి ముందు నిలబడి ఉన్నాడు. మా కంపెనీ పెద్ద ఇంజనీరు మాట్లాడుతున్నాడు. షీటు ప్రకారం ప్లేటు బలంగా ఉంది, బరువు రెండు టన్నులు కూడా లేదు. కాబట్టి లేపిన పద్ధతిలో తప్పుంది. ముందు కొంచెం లేపి ఆగి చూడటం ఖలాసీ మేస్త్రీ బాధ్యత.

"చూశావా?" అని అడిగాడు అధికారి.

"లేదు సార్," అన్నాడు ఖాదర్ వలి. "తప్పు నాదే."

అధికారి రాసుకోవడం మొదలుపెట్టాడు. నేను షీట్లు బల్ల మీద పెట్టాను. తలుపు దాకా వచ్చి ఆగాను.

"ఆ షీటు తప్పు," అన్నాను. బల్ల దగ్గరికి తిరిగి వచ్చాను. మళ్లీ చెప్పాను. "మూడో అంతస్తు షీటు తప్పు సార్. నాలుగు, ఐదు ప్లేట్లు తర్వాత అతికించినవి. బరువు కట్టరాదని రాశాను. మళ్లీ నేనే చెరిపాను."

ముందు మా పెద్ద ఇంజనీరు తేరుకున్నాడు. "చనిపోయినతను ఈమె మరిది. పాపం, బాధలో ఏదో..." అన్నాడు.

"ఐదో ప్లేటు ఇంకా పైనే ఉంది. కొట్టి చూడండి," అన్నాను.

సుందరేశన్ గారు అందరికంటే ముందు లేచాడు. టవరెక్కాం. మూడో అంతస్తులో అంచు దగ్గర ఎవరో ముళ్లకంప పడేశారు. నిచ్చెన వేశారు. ఎవరు కొడతారని అధికారి అడిగాడు. ఖాదర్ వలి పక్కవాడి చేతిలో సుత్తి తీసుకుని ఎక్కాడు. మొదట మూడో ప్లేటును కొట్టాడు. రాయిని కొట్టినట్టు గట్టిగా మోగింది. నిచ్చెన జరిపించుకుని ఐదోదాన్ని కొట్టాడు. ఖాళీ డబ్బాను తట్టినట్టు వినపడింది. మళ్లీ కొట్టాడు. సిమెంటు పెళ్లలు ఆయన మొహం మీద రాలాయి. తుడుచుకోలేదు. చాలు దిగమని అధికారి చెప్పేదాకా కొడుతూనే ఉన్నాడు.

కిందకు దిగాక ఆయన నా వైపు చూడలేదు. వెంకట్రామయ్య గారు మాత్రం చూశారు. "నేనే చెరపమన్నాను," అన్నారు అధికారితో. అంతవరకు ఆయన గురించి చెప్పాలి. ఆ మాట ఆయన అనకపోయినా గడిచేది.

కానీ చివరి కాగితంలో ఆ మాట లేదు. డ్రాఫ్టింగ్ విభాగంలో పొరపాటు జరిగిందని రాశారు. వెంకట్రామయ్య గారిని ఒరిస్సాలో ఇంకో సైటుకు పంపారు. నన్ను తీసేశారు. ఖాదర్ వలి తప్పు లేదన్నారు. ఇకమీద గుర్తులు పెట్టిన షీటు మీద కట్టినవాళ్లూ, వాడేవాళ్లూ, ఇద్దరూ చూసి సంతకం చేయాలని కొత్త నియమం పెట్టారు. మద్రాసు నుంచి షీట్లు వస్తూనే ఉన్నాయని, పని ముందుకంటే బాగా నడుస్తోందని తర్వాత విన్నాను. ఆ పద్ధతి మంచిదే. నేను ఈ రోజుకీ అదే అంటాను.

విచారణ అయిన సాయంత్రం ఆయన చీకటి పడ్డాక ఇంటికొచ్చాడు. అత్త లోపల నమాజులో ఉంది. వాకిట్లో నా ఎదురుగా నిలబడ్డాడు.

"ఆ పొద్దున కొట్టి చూడమన్నావు. తెలిసే అన్నావా?"

"తెలిసే."

"మూడో అంతస్తని బాజీ చెప్పినాక అన్నావు."

"అవును."

"పది రోజులు నా పక్కన కూర్చున్నావు."

ఆయన అరవలేదు. కొట్టి ఉంటే బాగుండేదని చాలా ఏళ్లు అనుకున్నాను. నీళ్లకుండ దగ్గరికి పోయి చెంబుతో ముంచుకుని తాగాడు. లోపలికి పోయి వాళ్లమ్మతో ఏం చెప్పాడో నాకు వినపడలేదు. కొంతసేపటికి అత్త ఏడుపు వినపడింది, అప్పటిదాకా ఏడ్చినట్టు కాదు, వేరేగా.

జూన్ నెలాఖరున ఆయన తాండూరు వైపు ఇంకో ఫ్యాక్టరీ పనికి వెళ్లిపోయాడు. వాళ్లమ్మను కూడా రమ్మన్నాడు. ఆమె పోలేదు. బాజీని పెట్టిన చోటు మాచర్లలోనే ఉంది, నేను రాను అంది. నాతో ఉండటానికి ఒప్పుకున్నదో, ఉండక తప్పలేదో నేను అడగలేదు. నేను వండి పెట్టేదాన్ని, ఆమె తినేది. నెల రోజులు నా పేరు పెట్టి పిలవలేదు. నేను బళ్లో పిల్లలకు బొమ్మలు గీయడం చెప్పే పనికి కుదిరాను.

ఆయన ఉత్తరాలు అత్త పేరుతో వచ్చేవి. ఆమెకు చదువు రాదు కాబట్టి నేనే చదివేదాన్ని. అందరినీ అడిగేవాడు. పక్కింటివాళ్లను, బాజీకి అనుకున్న కారంపూడి పిల్లకు పెళ్లి కుదిరిందేమోనని, మేక ఈనిందేమోనని అడిగేవాడు. నా మాట ఉండేది కాదు. చదవడం అయిపోయాక అత్త, "అంతేనా?" అనేది. "అంతే," అనేదాన్ని.

ఆ వానాకాలంలో ఆమెకు మోకాళ్లు పట్టేశాయి. గోడ పట్టుకోకుండా లేవలేని స్థితి వచ్చింది. ఉత్తరం రాయడానికి కూర్చుంటే, "బాగున్నానని రాయి. మోకాళ్లు తగ్గినయ్యని రాయి," అంది.

"తగ్గలేదు గదా అత్తా."

"వాడు ఆడ పనిలో ఉన్నాడు. రాయవే."

నేను రాయలేదు. లేవలేకపోతోందనీ, పాయఖానాకు పోవాలన్నా నేను పట్టుకోవాల్సి వస్తోందనీ, రాత్రుళ్లు బాజీ పేరు పెట్టి పలవరిస్తోందనీ రాశాను. అందులో నా గురించి ఏమీ రాయలేదు.

పదో రోజున ఆయన వచ్చాడు. మూడు రోజులున్నాడు. వాళ్లమ్మను రిక్షాలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు, కాళ్లకు నూనె రాశాడు, వాకిట్లో పడుకున్నాడు. నేను పెట్టిన అన్నం తిన్నాడు. చాలా సన్నబడ్డాడు. నాలుగో రోజు పొద్దున సంచి భుజాన వేసుకుని బయటికొచ్చాడు. నేను గడపలో నిలబడ్డాను. దాటిపోయి, మళ్లీ ఆగాడు. నా మొహం వైపు కాదు, గోడ వైపు చూస్తూ అన్నాడు.

"అమ్మ సంగతి రాస్తా ఉండు. ఎట్టా ఉంటే అట్టా రాయి."

రాస్తానన్నాను. అత్త పోయేదాకా, పదకొండేళ్లు, నెలకొకటి రాశాను.